జూవే బురద గురించి అపోహలు – వాస్తవాలు

కార్నివాల్ సోమవారం ఇక్కడ ఉదయం తొమ్మిదయ్యేసరికి మా ఊళ్ళో సాయంత్రం ఆరున్నర అవుతుంది. ఆ వేళకి నేను ఇల్లు చేరి, పెరట్లో కుళాయి కింద నిలబడి ఒంటి మీది మట్టి వదిలించుకుంటూ ఉంటాను. లోపల ఫోన్ ఆగకుండా మోగుతుంటుంది. తెల్లవారుతుండగా నేను పంపిన ఫొటో అప్పటికి ఇంటిల్లిపాదీ చూసేసి ఉంటారు. "ఆ బురదేంటే, ఒంటికి పడుతుందా?" అంటుంది అమ్మ. "ఇవ్వాళ మీకు హోలీనా?" అని పిన్ని అడుగుతుంది. "అక్కా, అందరూ తాగి ఊగుతారట కదా, నిజమేనా?" అంటాడు తమ్ముడు. ఏటేటా ఇవే ప్రశ్నలు. ఈసారి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

నేను పన్నెండేళ్ళుగా కరీబియన్ ద్వీపం ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఉంటున్నాను. కార్నివాల్ అంటే ఈస్టర్‌కి ముందరి ఉపవాస కాలం మొదలయ్యే ముందు ఇక్కడ జరిగే వీధి పండుగ. సోమవారం తెల్లవారుజామున మట్టి పూసుకుని వీధిలోకి వచ్చే దాని మొదటి ఘట్టమే జూవే. మా ఆయన ఉద్యోగం మమ్మల్ని ఇక్కడికి తెచ్చింది. వచ్చిన రెండో ఏడు నుంచి ఈ ఊళ్ళోనే వుడ్‌బ్రూక్ అనే పేటలోని ఒక చిన్న జూవే బ్యాండ్‌లో మట్టి కలిపే జట్టులో పనిచేస్తున్నాను. కోవిడ్ వల్ల 2021, 2022లో వీధి ఊరేగింపులు లేవు. ఆ రెండేళ్ళు తీసేస్తే తొమ్మిది కార్నివాల్స్‌కి మట్టి కలిపాను. బ్యాండ్ అంటే పాటల బృందం అనుకోకండి, ఇక్కడ ఆ మాటకి కలిసి వేషం కట్టే జట్టు అని అర్థం. వేషాన్ని "మాస్" అంటారు. మాస్ ఆడటమంటే వేషం కట్టి వీధిలోకి రావడం. మా తాతయ్య గోదావరి జిల్లాలో కుమ్మరి. మట్టి నానిందో లేదో వేళ్ళతో చూసి చెప్పడం చిన్నప్పుడే ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఈ జట్టులో నాకు చోటు దొరికింది అందుకే.

అపోహ: ఆ పండుగ పేరు జౌవర్ట్.

వాస్తవం: రాసేది అలాగే కనిపిస్తుంది కానీ పలికేది జూవే. ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. పగలు తెరుచుకోవడం, అంటే పొద్దు పొడవడం అని అర్థం. ఈ ద్వీపంలో ఒకప్పుడు ఇంటింటా మాట్లాడిన పాత్వా భాషలో నలిగి జూవే అయింది. ఇంగ్లిషు స్పెల్లింగ్ చూసి చదివితే ఇక్కడివాళ్ళు నవ్వుకుని, ఓపిగ్గా సరిచేస్తారు.

అపోహ: బ్రెజిల్ కార్నివాల్ లాంటిదే. ఈకలు, పూసలు, మెరుపులు.

వాస్తవం: ఈకలూ పూసలూ ఇక్కడా ఉన్నాయి. వాటి వంతు సోమవారం పగలు, మంగళవారం. దాన్ని "ప్రెటీ మాస్" అంటారు, అంటే అందమైన వేషం. జూవే దానికి ముందు, చీకట్లో జరిగేది. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో సోమవారం తెల్లవారుజామున 4 గంటలకు మొదలవుతుంది. దీనిది "డర్టీ మాస్". ఒంటి మీద మట్టి, రంగు, నూనె, కోకో, పౌడరు. పాత బట్టలు, పాత బూట్లు. ఎవరు డబ్బున్నవాళ్ళో, ఎవరు లేనివాళ్ళో గుర్తుపట్టలేం. నాకు జూవే నచ్చడానికి మొదటి కారణం ఇదే. మట్టి పూసుకున్నాక పక్కన నడిచేది బ్యాంకు మేనేజరో, మార్కెట్లో చేపలు కోసే ఆవిడో నాకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ ఉండదు.

అపోహ: అది ప్రభుత్వ సెలవు రోజు. తేదీ కూడా ప్రభుత్వమే ప్రకటిస్తుంది.

వాస్తవం: కార్నివాల్ సోమ, మంగళవారాలు ఇక్కడ చట్టప్రకారం సెలవులు కావు. అయినా దుకాణాలు, ఆఫీసులు చాలావరకు మూసేస్తారు. తేదీ ఈస్టర్‌ని బట్టి వస్తుంది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక మొదటి ఆదివారం ఈస్టర్. అక్కడి నుంచి 48 రోజులు వెనక్కి లెక్కపెడితే జూవే సోమవారం. ఆ బుధవారం విభూది బుధవారం, ఉపవాస కాలం మొదలు. 2025లో జూవే మార్చి 3న వచ్చింది, 2026లో ఫిబ్రవరి 16న. పండుగలు తిథిని బట్టి కదలడం మనకి కొత్త కాదు కాబట్టి అమ్మకి ఈ లెక్క ఒక్కసారి చెబితే చాలింది.

అపోహ: ఫ్రెంచి దొరల పండుగని చూసి బానిసలు నేర్చుకున్నారు.

వాస్తవం: అన్నిటికంటే నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇది. సగం నిజం ఉంది కాబట్టే ఇంకా బతుకుతోంది. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను.

1783లో స్పెయిన్ రాజు ఈ ద్వీపంలో స్థిరపడే కాథలిక్కులకు భూములిస్తానని ప్రకటించాడు. అప్పుడు ఫ్రెంచి తోటల యజమానులు తమ బానిసలతో సహా వచ్చి దిగారు. ఉపవాస కాలానికి ముందు ముసుగులు వేసుకుని విందులు, నృత్యాలు చేసుకునే అలవాటు వాళ్ళు తెచ్చుకున్నదే. అంతవరకు నిజం. కానీ ఆ విందుల్లో దొరలు కట్టిన వేషాల్లో ఒకదాని పేరు "నెగ్ జార్డిన్", అంటే తోటలో పనిచేసే నల్ల కూలీ. అనుకరించింది ఎవరు, ఎవరిని?

చెరకు తోటకి నిప్పంటుకుంటే రాత్రికి రాత్రే చుట్టుపక్కల తోటల బానిసల్ని కాగడాలతో, కొమ్ముబూరల చప్పుడుతో, కొరడా దెబ్బలతో తోలుకొచ్చి మంట ఆర్పించేవాళ్ళు, మిగిలిన చెరకు నరికించేవాళ్ళు. దాన్ని కాంబులే అనేవాళ్ళు, కాలిన చెరకు అనే ఫ్రెంచి మాట నుంచి. దొరలు సరదాకి కట్టిన వేషం ఈ దృశ్యమే.

1834 ఆగస్టు 1న బానిసత్వం రద్దయింది. అయినా మరో నాలుగేళ్ళు "అప్రెంటిస్" అనే పేరుతో అదే తోటలో, అదే యజమాని కింద పని చేయించుకున్నారు. నిజమైన విడుదల 1838 ఆగస్టు 1న వచ్చింది. బయటపడినవాళ్ళు తమ రాత్రిని తామే తిరిగి తీసుకున్నారు. కాగడాలు, డప్పులు, కర్రసాముతో కాంబులేని తమ విముక్తి ఊరేగింపుగా మార్చుకున్నారు. మొదట అది ఆగస్టు 1న జరిగేది. తర్వాత కార్నివాల్ ఆదివారం అర్ధరాత్రికి మారింది. దొరల విందు పక్కనే వీధిలో మరో పండుగ పుట్టింది. కొన్నేళ్ళకి వీధి పండుగే కార్నివాల్ అయింది.

బ్రిటిష్ అధికారులకి ఇది కంటగింపైంది. 1881 ఫిబ్రవరి 28 తెల్లవారుజామున పోలీసు అధికారి కెప్టెన్ బేకర్ తన మనుషులతో కాంబులే జనం మీదికి వెళ్ళాడు. కర్రసాము నేర్చిన జనం తిరగబడ్డారు. వీధిదీపాలు పగిలాయి, రెండువైపులా గాయపడ్డారు. చివరికి గవర్నర్ ఫ్రీలింగ్ స్వయంగా వచ్చి జనంతో మాట్లాడి, పోలీసుల్ని బ్యారక్‌లకే పరిమితం చేస్తానని మాటివ్వాల్సి వచ్చింది. మూడేళ్ళకి, 1884లో, చట్టం తెచ్చారు. కాగడాలు కూడదు, డప్పు కూడదు, కర్రలు పట్టుకుని పదిమంది గుమికూడకూడదు. అర్ధరాత్రి కాంబులే ఆగిపోయింది. సోమవారం ఉదయం 6 నుంచి మాత్రమే పండుగ అన్నారు.

ఇప్పుడు మనం జూవే అంటున్నది ఆ నిషేధం పక్కనుంచి మొలిచిందే. రాత్రిని లాక్కుంటే జనం తెల్లవారుజామున వచ్చి నిలబడ్డారు. అందుకే ఈ పండుగకి చీకటి కావాలి. పగలు పదింటికి పెట్టుకుంటే మేకప్‌కి, ఫొటోలకి బాగుంటుంది కదా అని ఒక ఆవిడ నన్ను అడిగారు. బాగుంటుందేమో, కానీ అది జూవే కాదు. ఈ చరిత్రని కళ్ళారా చూడాలంటే కార్నివాల్ శుక్రవారం తెల్లవారుజామున పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని పికాడిల్లీ వీధి దగ్గరికి వెళ్ళండి. 1881 గొడవని అక్కడ వీధి నాటకంగా ఆడతారు. కర్ర మీద కర్ర పడే చప్పుడు దగ్గర్నుంచి వింటే ఒళ్ళు జలదరిస్తుంది.

అపోహ: కొమ్ములు పెట్టుకుంటారు, నల్లగా పూసుకుంటారు, నాలుక బయటపెడతారు. అది దెయ్యాల పూజ.

వాస్తవం: అది పూజ కాదు, వేషం. "జాబ్" అంటే పాత్వాలో దెయ్యం. "జాబ్ మొలాసీ" అంటే బెల్లపు మడ్డి దెయ్యం. చెరకు రసం కాచి పంచదార తీశాక మిగిలే నల్లటి మడ్డిని ఒంటికి పూసుకునేవాళ్ళు. మరుగుతున్న మడ్డి బానలో పడి చనిపోయిన ఒక బానిస ఆత్మే జాబ్ మొలాసీ అని ఇక్కడి పెద్దవాళ్ళు కథగా చెబుతారు. పంచదార మిల్లులో మనిషి ప్రాణానికి ఎంత విలువుండేదో ఆ కథలోనే ఉంది. మడ్డి పూసుకుని, తోక పెట్టుకుని, గొలుసులు ఈడ్చుకుంటూ, డబ్బా మీద దరువుతో వీధిలోకి వచ్చి, తెల్లచొక్కాల వాళ్ళ మీదికి వెళ్ళి "డబ్బులిస్తావా, అంటించనా?" అని బెదిరించడం ఆ వేషం. నన్ను దెయ్యం అన్నారుగా, ఇదిగో చూడండి అని ఎదురొచ్చి నిలబడటమే అది.

పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కి ఉత్తరాన కొండల మీద పారమిన్ అనే ఊరుంది. అక్కడి నీలి దెయ్యాలకి చాలా పేరు. కార్నివాల్ సోమవారం మధ్యాహ్నం దాటాక ఊరి కూడలిలోకి వస్తారు. ఒళ్ళంతా నీలం. ఈ నీలం తెల్లబట్టలకి మనమూ వాడే నీలిమందు నుంచి మొదలైంది. బిస్కెట్ డబ్బాలు వాయిస్తూ, నోట్లోంచి ఎర్రరంగు కార్చుకుంటూ, "పే ద డెవిల్" అని అరుస్తూ వస్తారు. మొదటిసారి చూసినప్పుడు నేను మా ఆయన వెనక దాక్కున్నాను. నిన్నటిదాకా మాకు కొత్తిమీర అమ్మిన కుర్రాడే ఆ నీలిరంగు వెనక ఉన్నాడని తర్వాత తెలిసింది.

తిరుపతి గంగమ్మ జాతర చూసినవాళ్ళకి ఇది వింతగా ఉండదు. బైరాగి వేషానికి తెల్లసుద్ద, తోటి వేషానికి బొగ్గు పూసుకుని వీధుల్లో తిరుగుతారు. ఈ రెండు పండుగలకీ చుట్టరికం ఉందని నేను అనడం లేదు. వేషంలో ఉన్న మనిషిని అపార్థం చేసుకోకూడదన్నంతవరకే నా మాట.

దెయ్యాలు కాని వేషాలూ ఉన్నాయి. దొరసానుల్ని వెక్కిరించే "డేమ్ లొరైన్", గౌను లోపల దిళ్ళు కట్టుకుని తిప్పుకుంటూ నడుస్తుంది. గుడ్డతో చేసిన బిడ్డని ఎత్తుకుని, ఎదురొచ్చిన ప్రతి మగవాడినీ "వీడికి తండ్రివి నువ్వే, డబ్బియ్యి" అని నిలదీసే "బేబీ డాల్" ఉంది. చిరిగిన బట్టలతో, చేతిలో అట్టముక్క మీద ఆ ఏటి రాజకీయం మీద ఒక శ్లేష రాసుకుని నడిచేవాళ్ళు ఉంటారు, వాళ్ళది "ఓల్ మాస్". ఇవన్నీ తగ్గిపోతున్నాయి. పాట ట్రక్కు వెనక నడవడమే జూవే అనుకునేవాళ్ళు పెరిగారు. ఇది నాకు నిజంగా దిగులు కలిగించే విషయం. అందుకే మా బ్యాండ్‌లో ప్రతి ఏడూ కనీసం పదిమందైనా ఏదో ఒక పాత వేషం కట్టాలని పట్టుబడతాం.

అపోహ: స్టీల్ పాన్ ఎవరికో యాదృచ్ఛికంగా తట్టిన వాయిద్యం.

వాస్తవం: డప్పు నిషేధిస్తే జనం వెదురు పట్టుకున్నారు. రకరకాల పొడవుల్లో కోసిన వెదురు బొంగుల్ని నేలకేసి కొట్టి, ఒకదానితో ఒకటి తాటించి దరువు పుట్టించారు. దాని పేరు టాంబూ బాంబూ. లావు బొంగుకి "బూమ్" అని, మిగతావాటికి "ఫూలే", "కట్టర్" అని పేర్లు. ఈ పేర్లు గుర్తుపెట్టుకోండి, కిందికి మళ్ళీ వస్తాయి. వెదురు పగిలిపోతుంది, చప్పుడూ దూరం పోదు. 1930లలో కుర్రాళ్ళు పెయింటు డబ్బాలు, బిస్కెట్ డబ్బాలు, చెత్తడబ్బాల మూతలు వాయించడం మొదలుపెట్టారు. డబ్బా మీద సొట్ట పడినచోట స్వరం మారుతుందని గమనించినవాళ్ళు పేదవాడల కుర్రాళ్ళే. యుద్ధం వల్ల 1942 నుంచి 1945 దాకా కార్నివాల్ లేదు. 1945లో యుద్ధం ముగిసిందన్న రోజున ఆ డబ్బాలతో వీధుల్లోకి వచ్చారు. తర్వాత చమురు పీపాలు వచ్చాయి. వాటి అడుగుని సుత్తితో గుంటగా సాగదీసి, గీతలు గీసి, కాల్చి, ఒక్కో స్వరాన్ని సరిచేశారు. విన్‌స్టన్ స్ప్రీ సైమన్, ఎలీ మనెట్, నెవిల్ జూల్స్, ఆంథనీ విలియమ్స్ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పోటీపడి చేసిన పని అది. ఒక్కరికి ఒక్కరాత్రి తట్టింది కాదు.

ఒకప్పుడు పాన్ వాయించేవాళ్ళంటే రౌడీలని ముద్ర. మంచి ఇళ్ళలో పిల్లల్ని పాన్ యార్డ్ వైపు, అంటే పాన్ సాధన చేసే ఆవరణ వైపు, వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు. 1992లో అదే పాన్ దేశపు జాతీయ వాయిద్యమైంది. 2023లో ఐక్యరాజ్యసమితి ఆగస్టు 11ని ప్రపంచ స్టీల్ పాన్ దినంగా ప్రకటించింది. జూవే ఉదయం పాన్ బృందాలు "బాంబ్" వేసే సంప్రదాయం కూడా ఉంది. ఏ యూరప్ శాస్త్రీయ సంగీతాన్నో రహస్యంగా సాధన చేసి, ఇక్కడి పాటల బాణీ అయిన కలిప్సో నడకలోకి మార్చి, ఎవరూ ఊహించని సమయంలో వీధిలో వాయించడమే బాంబ్ వేయడం. ఇతర బృందాల చెవిన పడకుండా తలుపులు మూసుకుని మెల్లగా సాధన చేసేవాళ్ళని పాతతరం పాన్ కళాకారులు చెబుతుంటారు.

అపోహ: అది ఆఫ్రికన్ల పండుగ, మన భారతీయులకి దానితో సంబంధం లేదు.

వాస్తవం: పుట్టుక ఆఫ్రికన్లదే, అందులో వాటా అడగడం తప్పు. కానీ సంబంధం లేదనడమూ తప్పే.

1845 మే 30న ఫాతెల్ రజాక్ అనే ఓడ మొదటి భారతీయ కూలీలతో ఈ రేవు చేరింది. 1917 వరకు దాదాపు 1,44,000 మంది వచ్చారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి, కొంతమంది మద్రాసు రేవు నుంచి. మద్రాసు ఓడల్లో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. ఇక్కడ అందరూ "మద్రాసీ"లే అయ్యారు.

వాళ్ళు తెచ్చుకున్న వాటిలో మొహర్రం ఒకటి. ఇక్కడ హోసే అంటారు. మన పల్లెల్లో పీర్ల పండుగకి హిందువులూ ముస్లిములూ కలిసి ఎలా తిరుగుతారో తోటల్లో హోసే కూడా అలాగే జరిగేది. ఆఫ్రికన్లూ కలిసేవాళ్ళు. కాంబులేని అణచిన ఏడాదే, 1884 అక్టోబర్ 30న, హోసే ఊరేగింపులు పట్టణంలోకి రాకూడదని ఆంక్ష పెట్టి, సాన్ ఫెర్నాండో దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. పలువురు చనిపోయారు, వందమందికి పైగా గాయపడ్డారు. ఒకే ప్రభుత్వం, ఒకే ఏడు, రెండు జాతుల వీధి పండుగలు. కాంబులే గురించి చెప్పేటప్పుడు నేను హోసే గురించి చెప్పకుండా ఉండలేను.

ఇక తాసా. మన తాషాయే. మట్టి కుండ లాంటి డప్పుకి మేకతోలు బిగించి, వాయించే ముందు మంట దగ్గర కాస్తారు. మన డప్పు కాచినట్టే. ఇద్దరు తాసా వాయిస్తారు. ముందుండి దరువు కోసేవాడిది "కట్టర్", వెనక నిలకడగా నడిపేవాడిది "ఫూలే". పైన చెప్పిన వెదురు బొంగుల పేర్లే! భోజ్‌పురి ఇళ్ళ డప్పుకి ఫ్రెంచి, ఇంగ్లిషు పేర్లు ఎలా అంటాయంటే, ఈ రెండు రకాల వాయిద్యగాళ్ళు ఒకరి పక్కన ఒకరు బతికారు కాబట్టే. జూవే ఉదయం కొన్ని బ్యాండ్లలో తాసా ఉంటుంది. చీకట్లో ఎక్కడో తోలు కాలుతున్న వాసన, వెంటనే కట్టర్ మోత వినిపిస్తే మా వీధిలో పీర్లు లేచినట్టే ఉంటుంది నాకు.

అన్నట్టు, జూవే అయ్యాక అందరూ ఎగబడే టిఫిన్ "డబుల్స్". రెండు మెత్తటి బారాల, అంటే నూనెలో వేయించిన రొట్టెల, మధ్య శనగల కూర. ఇది కూడా భారతీయ కూలీల సంతానం 1930లలో ప్రిన్సెస్ టౌన్‌లో మొదలుపెట్టినదే.

అపోహ: బురదే కదా, ఎక్కడిదైనా చాలు.

వాస్తవం: ఇది నా పని కాబట్టి వివరంగా చెబుతాను.

కాలువ మట్టి, చెరువు గట్టు మట్టి, ఇల్లు కడుతున్నచోట తవ్విపోసిన మట్టి, ఏదీ పనికిరాదు. కాలువ మట్టిలో ఎలుకల మూత్రం కలిసి ఉంటుంది, దాని ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. కట్టుబడి మట్టిలో మేకులు, గాజు ఉంటాయి. నేను చేరిన మొదటి ఏడు ఒకరి దగ్గర చవగ్గా వస్తుందని మట్టి కొన్నాం. కలుపుతుంటే నా పక్కనున్న అమ్మాయి అరచేయి తెగింది. తీసి చూస్తే సీసా పెంకు. ఆ పీపా మొత్తం పారబోశాం. అప్పటి నుంచి కుండలకి వాడే బంకమట్టి తప్ప మరొకటి ముట్టుకోం. చగ్వానస్ దగ్గర చేజ్ విలేజ్ అనే చోట ఇప్పటికీ కుమ్మరి పని నడుస్తోంది. మట్టి అటువైపు నుంచే తెచ్చుకుంటాం.

పండుగకి మూడు వారాల ముందే పని మొదలు. గడ్డలు ఎండబెట్టి, చితక్కొట్టి, జల్లెడ పడతాం. తర్వాత పీపాల్లో శుభ్రమైన నీళ్ళు పోసి నానబెడతాం. మూడు రోజులు కదపం. నాలుగో రోజు తెడ్డుతో కలిపి, గుడ్డలో వడకట్టి, మళ్ళీ నానబెడతాం. చివరికి అట్ల పిండిలా జారాలి. గట్టిగా ఉంటే ఒంటి మీద బెల్లులు కడుతుంది, ఎండితే వెంట్రుకలు లాగుతుంది. పలచగా ఉంటే పది నిమిషాల్లో కారిపోతుంది. పిడికెడు తీసి మోచేతి మీద పూసి, అరగంట ఆరనిచ్చి చూడటం తాతయ్య పద్ధతి. సన్నటి పగుళ్ళు వస్తే సరే. పెచ్చులు లేస్తే ఇంకొంచెం వంటనూనె కలుపుతాం.

రంగు కలపాలంటే నీళ్ళలో కరిగేవే, ఒంటికి వాడదగినవే. ఒక ఏడు ఒక దుకాణంవాళ్ళు నీళ్ళలో పోతుందని చెప్పి అమ్మిన నీలం రంగు అలాంటిది కాదని తెల్లారాక తెలిసింది. రెండు వారాలు నా చేతులు దద్దుర్లతో మండాయి. ఇప్పుడు కొన్న ప్రతి డబ్బా మీద ఉన్నదంతా చదివి, ఒక రోజు ముందు ఇద్దరి చర్మం మీద పరీక్షిస్తాం. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూసుకోవడం కొన్ని చోట్ల ఇంకా ఉంది. దయచేసి వద్దు. అందులో క్యాన్సర్ కలిగించే పదార్థాలుంటాయి. అవి చర్మం ద్వారా లోపలికి వెళ్తాయి. బొగ్గు పొడి, వంటనూనె కలిపితే అంతే నల్లగా వస్తుంది.

వచ్చేవాళ్ళకి నేను చెప్పేవి ఇవి. రాత్రే తలకి కొబ్బరినూనె పట్టించి బిగించి జడ వేసుకోండి. ఒంటికి, ముఖ్యంగా మోచేతులకి, చెవుల వెనక, గోళ్ళ చుట్టూ నూనె రాసుకోండి. కాంటాక్ట్ లెన్సులు తీసేయండి. ఒంటి మీద పచ్చిపుండు ఉంటే ఆ ఏడు మట్టి జోలికి రాకండి, టెటనస్ క్రిములు ఉండేది మట్టిలోనే. లేసులు బిగించి కట్టే పాత బూట్లు వేసుకోండి, చెప్పులు మొదటి వీధిలోనే పోతాయి. ఇంటికొచ్చాక బాత్రూంలోకి వెళ్ళకండి, పెరట్లో పైపుతో కడుక్కోండి. బంకమట్టి డ్రైనేజీ పైపులో చేరితే ప్లంబర్‌ని పిలవాల్సిందే.

అపోహ: తాగనివాళ్ళకి అక్కడ పని లేదు. చీకట్లో ఎవరు ఏం చేసినా చెల్లుతుంది.

వాస్తవం: తమ్ముడికి నా జవాబు ఇది. రమ్ము ఉంటుంది, తాగేవాళ్ళు తాగుతారు. నేను తొమ్మిదేళ్ళలో ఒక్క చుక్క ముట్టలేదు, నన్నెవరూ బలవంతం చేయలేదు. చెల్లుతుందన్నది మాత్రం పూర్తిగా అబద్ధం. బ్యాండ్ చుట్టూ మనుషులు తాడు పట్టుకుని నడుస్తారు, లోపలివాళ్ళ భద్రత వాళ్ళది. వెనక నీళ్ళ బండి వస్తుంది. ఒకరి నడుముకి ఒకరు ఆనుకుని ఆడే "వైనింగ్" ఇక్కడి నృత్యంలో భాగం. కానీ ఇష్టం లేనివాళ్ళని ఆనుకుంటే అది దాడి కిందికే వస్తుందని 2018లో ఇక్కడి పోలీసులు స్పష్టంగా చెప్పారు. మట్టికీ అదే నియమం. మా బ్యాండ్‌లో చేయెత్తి అడుగుతాం, అవతలివాళ్ళు చెంప చూపిస్తేనే పూస్తాం. రోడ్డు పక్కన శుభ్రమైన బట్టలతో, చంటిబిడ్డతో నిలబడ్డవాళ్ళని అంటుకోం.

అపోహ: కరీబియన్‌లో అంతటా ఒకే రోజు, ఒకేలా జరుగుతుంది.

వాస్తవం: లేదు. గ్రెనడాలో ఆగస్టులో. అక్కడ జాబ్ జాబ్ అంటే నల్లగా పూసుకుని, కొమ్ముల హెల్మెట్ పెట్టుకుని, గొలుసులు లాగుతూ శంఖం ఊదేవాడు. ట్రినిడాడ్‌లో అదే పేరున్న జాబ్ జాబ్ మెరిసే బట్టలు వేసుకుని కొరడా ఝళిపించేవాడు. పేరు ఒకటే, వేషం వేరు. సెయింట్ కిట్స్‌లో క్రిస్మస్ మర్నాడు, ఆంటిగ్వాలో ఆగస్టు మొదటి సోమవారం. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో సెప్టెంబర్ లేబర్ డే ఉదయం. అక్కడ హింస జరిగాక 2017 నుంచి 6 గంటలకు, వెలుతురు వచ్చాక మొదలుపెడుతున్నారు. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ళు చూడాలనుకుంటే దగ్గరలో ఉన్నది అదే.

అపోహ: తెల్లవారాక ఆ మట్టంతా చెత్తలోకే.

వాస్తవం: రోడ్డు మీది మట్టిని నీళ్ళ బండ్లు కడిగేస్తాయి, ఎందుకంటే కొన్ని గంటల్లో అదే రోడ్డు మీదికి ఈకలవాళ్ళు రావాలి. పీపాల్లో మిగిలింది మాత్రం మేం పారబోయం. రంగు, నూనె కలపని పీపాలు రెండు వేరుగా ఉంచుతాం. నీళ్ళు తేరుకున్నాక పైనుంచి ఒంపేసి, మట్టిని గోనెపట్టా మీద ఆరబెట్టి ఇంటికి తెచ్చుకుంటాను. ఇక్కడ దీపావళి జాతీయ సెలవు. వీధులకి వీధులు ప్రమిదలు వెలిగిస్తారు, వాటిని "దియా" అంటారు. నా దగ్గర సారె లేదు కాబట్టి చేత్తోనే ఒత్తుతాను. పోయిన ఏడు నలభై రెండు వచ్చాయి. ఆరు పగిలాయి. మిగిలినవి బ్యాండ్‌వాళ్ళకి పంచాను. తాడు పట్టుకునే పెద్దాయన తన వాటా మూడు ప్రమిదల్నీ ఇంటి గేటు మీద వరసగా పెట్టి, వెలిగించి, ఫొటో తీసి పంపాడు.